నోటితో తీసిన ఊపిరి

పిల్ల తల తిప్పలేదు. జానీబీకి మొట్టమొదట అనుమానం పడింది అక్కడే.

ఆ వేళ ఆమె వసారాలో కూర్చుని డబుల్ మంచం పరుపులోకి దూది కూరుతోంది. మోచేయి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి మూలమూలకీ సర్దుతోంది. తొమ్మిది నెలల కూతురు అర్ఫా పక్కన బొంత మీద బోర్లా పడి దారపుండతో కుస్తీ పడుతోంది. చిలకలూరిపేట బస్సు దిగిన మొగుడు బాషా, చంకలో అట్టపెట్టెతో, వీధి చివర నుంచే కేకలు పెట్టుకుంటూ వచ్చాడు.

"వచ్చేసిందే! మన రెండో క్యాసెట్టు వచ్చేసింది! అమ్మా, ఎక్కడున్నా ఇటు రా!"

అత్త హుసేనమ్మ బియ్యం చేట అక్కడే పెట్టేసి వచ్చింది. పక్కింటి రాఘవమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, చూపు ఆనక, చుట్టూ తిరిగి లోపలికే వచ్చేసింది. క్యాసెట్టు అట్ట మీద ఇద్దరి ఫొటో. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని బాషా, వెనక నిండా ముసుగుతో జానీబీ. కింద పేర్లు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన జానీబీ ఆ అక్షరాలను కూడబలుక్కోకుండానే చదివింది. రచన, సంగీతం: మొహిద్దీన్ బాషా. గానం: బాషా, జానీబీ. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆమెకు అదే మొదలు. చెయ్యి పరుపులో ఉందన్న సంగతి కూడా మరిచిపోయింది.

బాషా క్యాసెట్టును టూ-ఇన్-వన్‌లో పెట్టి బటన్ నొక్కాడు. ముందు విల్లు మోగింది. టంగ్... టంగ్... ఆ రెండు దెబ్బలకీ జానీబీ గుండె ఎగిరిపడింది. తర్వాత కొంచెం ఖాళీ. తర్వాత పాట.

"ఏకిన దూది ఎగిరెనమ్మా, ఎవరి పరుపున ఒదిగెనమ్మా
ఏకిన చేతికి తలగడ లేదు, ఎవరితో చెబుతావే దూదిపూవా..."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇది నువ్వేనటే?" అని రాఘవమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఇంట్లో పాడితే గిన్నెలు తోమినట్టుంటది. మిషన్లో పడేసరికి ఎంత నున్నగా వచ్చిందో చూడు," అంది హుసేనమ్మ, కోడల్ని మెచ్చుకుంటున్నదో మిషన్ను మెచ్చుకుంటున్నదో తేలకుండా.

అందరూ తన వైపే చూస్తున్నారు గనుక జానీబీ నవ్వింది. కళ్ళు మాత్రం అర్ఫా మీద ఉన్నాయి. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని లోలోపల కూనిరాగం తీసినా సరే, ఆ పిల్ల ఆడుతున్నదాన్ని పారేసి గుమ్మం వైపు మెడ తిప్పుతుంది. రోజూ దాన్ని జోకొట్టే పాట ఇదే. అదే పాట ఇప్పుడు రెండు బారల దూరంలో ఇల్లు దద్దరిల్లేలా మోగుతోంది. పిల్ల దారపుండ కొరుక్కుంటోంది.

తల తిప్పలేదు.

జానీబీ అనుమానాలకు ఆ ఇంట్లో విలువ లేదు. అర్ఫా పుట్టిన మూడో నెలలో ఆయాసం వచ్చి, పేట డాక్టరు "దూది దుమ్ము తగలనీయొద్దమ్మా" అన్నప్పటి నుంచి ఆమెకు అన్నిటి మీదా అనుమానమే. మందు సీసా మీద తేదీ రెండుసార్లు చదువుతుంది. పిల్ల నిద్రపోతే వీపు మీద చెవి ఆనించి ఊపిరి లెక్కపెడుతుంది, గురక నిద్రదా ఉబ్బసానిదా అని. "దూదేకుల ఇంట్లో పుట్టి దూది పడదంటే ఎట్టా? మా పిల్లలంతా ఈ దుమ్ములో దొర్లే పెరిగారు," అంటుంది అత్త. అలా పెరిగిన వాళ్ళలో ఇద్దరు ఎందుకు పోయారని జానీబీకి అడగాలని ఉంటుంది. అడగదు. "నీకు పిచ్చి పట్టింది. నీడను చూసి కూడా ఎవరిదీ అని అడుగుతావ్," అంటాడు బాషా. విని విని ఆమెకు తన అనుమానం మీద కూడా అనుమానం పట్టుకుంది. పిల్ల ఆటలో పడి వినలేదేమో. మిషన్లో పడితే ఎవరి గొంతయినా మారుతుందేమో. నా గొంతు ఎట్టా ఉంటుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఎన్నడన్నా విన్నానా?

నిజంగానే ఎన్నడూ వినలేదు. రెండేళ్ళ కిందటి మొదటి క్యాసెట్టులో వెనక వంత పాడిందిగానీ, గుంటూరు క్యాసెట్ల కంపెనీ జయరావు దాని నిండా కీబోర్డు పోయించాడు. డోలక్కు, గజ్జెలు, మధ్యమధ్యలో ఈలలు, అందరూ బావిలో నిలబడి పాడినట్టు ఎకో. ఊళ్ళో వాళ్ళు బాగుందన్నారు. బస్టాండులో రెండు నెలలు మోగి ఆగిపోయింది. రెండోదానికి పాటలు కట్టుకునేటప్పుడు బాషా ఇంకా పెద్ద కీబోర్డు సంగతి మాట్లాడుతుంటే, పరుపు కుట్టుకుంటూ జానీబీయే అంది.

"అవన్నీ ఎందుకయ్యా? మా తాత ఏకేటప్పుడు విల్లు ఒక్కటే మోగేది. ఆ మోతలోనే పాడేవాడు. పాట ఆగిన చోట ఏమీ వాయించొద్దని చెప్పు. విల్లు రెండు దెబ్బలు పడితే చాలు."

బాషా ముందు నవ్వాడు. నాలుగు రోజులు ఆలోచించాడు. ఐదో రోజు అది తన ఆలోచనే అన్నట్టు జయరావుకు చెప్పాడు. ఏకే మిషన్లు వచ్చాక అటక ఎక్కిన ఆ పీరు తాత విల్లు అలా కిందికి దిగింది. విజయవాడ స్టూడియోకి వెళ్ళిన రోజు బస్సులో అది ఓ మనిషి చోటు ఆక్రమించింది. "దీనిక్కూడా టికెట్ కొట్టమంటావా?" అన్నాడు కండక్టరు. తాడేపల్లి దాటి బస్సు కృష్ణ మీదికి ఎక్కేదాకా జానీబీ ఒక చేత్తో విల్లును, ఒక చేత్తో ఆరు నెలల పిల్లను పట్టుకునే కూర్చుంది. ఒక్క పూటలో ఎనిమిది పాటలు పాడించేశారు. మూడో పాట మధ్యలో ఒడిలో పిల్ల దగ్గింది. ఆమె బెదిరిపోయి ఆగితే, అద్దం అవతల కుర్రాయన "పర్లేదమ్మా, ఇది ట్రాకే గదా, కంగారు పడొద్దు," అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంది. ఇప్పుడు ఆ మంచితనం కూడా అనుమానంగా ఉంది.

మర్నాడు బాషా పరుపు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. అత్త రేషను షాపుకు వెళ్ళింది. జానీబీ క్యాసెట్టు పెట్టి, పిల్ల వీపుకు చెవి ఆనించినట్టే పెట్టెకు చెవి ఆనించింది. పాట వినలేదు. ఊపిరి వింది. అది ఆమెకు బాగా తెలిసిన విద్య.

"ఏకిన దూది ఎగిరెనమ్మా" అయింది. టంగ్... టంగ్... ఆ తర్వాత, సన్నగా, "హా" అని గాలి లోపలికి పోయిన చప్పుడు. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ "హా". నోరు తెరిచి తీసుకున్న ఊపిరి అది. అన్ని పాటల్లోనూ, అన్ని చరణాల దగ్గరా.

జానీబీ వెనక్కి వాలి కూర్చుంది. ఏకే చోట గాలి నిండా దూదిపోగులు. నోరు తెరిచి పీలిస్తే గొంతుకు అడ్డం పడతాయి. నాలుగేళ్ళప్పుడే పీరు తాత రెండు వేళ్ళతో ఆమె పెదాలు మూసి నేర్పాడు. "పాడినంతసేపూ నోరు. గాలి కావాలంటే మూసేసి ముక్కుతో పీల్చు. లేకపోతే దగ్గే పాడతావ్." అందుకే ఆ ఇళ్ళలో ఎవరు పాడినా చిన్న చిన్న ముక్కలుగా పాడతారు. ముక్క పాడటం, పెదాలు మూయడం, ఒక్క క్షణం ఆగడం. ఏమీ వాయించొద్దని ఆమె అడిగిన ఖాళీ అదే. విల్లును ఉంచారు. ఖాళీని ఉంచారు. ఖాళీలో ఉండాల్సిన మనిషిని తీసేశారు.

మధ్యాహ్నం బాషా అన్నానికి కూర్చున్నప్పుడు అడిగింది.

"ఏమయ్యా, ఇందులో పాడింది నేనేనా?"

"నువ్వు కాక మీ అమ్మా?"

"గొంతు వేరేగా ఉంటేనూ..."

"ఎవరి గొంతు వాళ్ళకి వేరేగానే వినపడుద్ది. మిక్సింగంటారు దాన్ని. గరుకు తీసేస్తారు, తీపి కలుపుతారు. ఎనిమిదో క్లాసు దానికి ఎట్టా చెప్పేది?" అన్నాడు, పదోది రెండుసార్లు తప్పిన బాషా.

"ముక్కుతో తీసుకున్న ఊపిరి మిక్సింగులో నోటితో తీసుకున్నట్టు మారుద్దా?"

ముద్ద చేతిలోనే ఆగింది. జానీబీ లేచి క్యాసెట్టు పెట్టింది. "ఇదిగో, ఇక్కడ. విన్నావా? మళ్ళీ విను. ఏకేవాళ్ళ ఇంట్లో పుట్టినోళ్ళు పాట మధ్యలో ఇట్టా నోరు తెరుస్తారా? నువ్వు తెరుస్తావా?"

బాషా చాలాసేపు పప్పు కలిపాడు. కలిపినదాన్నే కలిపాడు. చివరికి పళ్ళెంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

"జయరావు గారే అన్నాడు. నీ గొంతు బండగా ఉందంట. విజయవాడలో ఒకామె ఉంది, విన్నది విన్నట్టు దించేసుద్దంట. నువ్వు పాడింది ట్రాకంటారు, అది ఆమెకి వినిపించి పాడించారు. అయితే ఏంది? ఫొటో నీది, పేరు నీది. నేను పట్టుబట్టి వేయించాను నీ పేరు. ఇంకేం కావాలే నీకు?"

"ఆమె పేరేంది?"

"ఎవరి పేరు?"

"పాడినామె పేరు."

"నాకేం తెలుసు? ఎవరో చర్చిలో పాడే అమ్మాయంట. వచ్చింది, పాడింది, పోయింది."

జానీబీ పళ్ళెం తీసింది. మెతుకులు ఏరింది. తోముతూ తోముతూ ఆలోచించింది. పట్టుబట్టి వేయించాడంట. దూదేకుల ఇంటి ఆలుమగలు సొంతంగా పాడుకున్న పాటలంటే జనం ఎగబడి కొంటారని మొదట్నుంచీ జయరావు అనే మాటే గదా అది! నా పేరు కావాలి, గొంతు వద్దు. ఆమె గొంతు కావాలి, పేరు వద్దు. ఇద్దరు ఆడోళ్ళను చెరి సగం కోసి ఒక మనిషిని కుట్టారు. పరుపుకు పైగుడ్డ ఒకరిది, లోపల దూది ఒకరిది అయినట్టు. ఆ చర్చి అమ్మాయి ఇప్పుడు ఏ బస్టాండులోనో నిలబడి ఉంటుంది. కొట్లో ఈ పాట వస్తుంటుంది. "ఇది నేనే పాడాను," అని పక్కనామెతో అంటుంది. అట్ట మీద వేరే పేరుంది గదా అంటారు. ఆమెకూ ఓ మొగుడుంటే, నీకు పిచ్చి పట్టిందే అంటాడు.

అక్కడితో అయిపోయినా జానీబీ మింగి ఊరుకునేదేమో. ఇంతకంటే పెద్దవి మింగింది. కానీ సాయంత్రం బాషా, ఏమీ జరగనట్టే, సైకిల్ తుడుచుకుంటూ చెప్పాడు.

"శుక్రవారం దర్గాలో ఉరుసు. స్టేజీ మీద మన ప్రోగ్రాం పెట్టారు. పొద్దుటి నుంచి మైకులో మన క్యాసెట్టే వేస్తారు. నాలుగు రోజులుంది. క్యాసెట్టు విని బాగా ప్రాక్టీస్ చెయ్యి. అచ్చం అట్టాగే పాడాలి. నీ బండగొంతుతో మొదలెట్టావంటే జనానికి అనుమానం వచ్చుద్ది."

అనుమానం! ఆ మాట అతని నోటి వెంట విని ఆమెకు నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి పరుపు కూరుతూ ప్రాక్టీస్. తనను విని పాడిన మనిషిని విని తను పాడాలి. హుసేనమ్మ బియ్యం ఏరుకుంటూ మేస్టరమ్మ అయింది. "అట్టా తుంచొద్దే, సాగదీసింది చూడు. అక్కడ తేలిగ్గా పోయింది విను." జానీబీ సాగదీసింది. సాగదీస్తే గాలి చాల్లేదు. నోరు తెరిచి "హా" అని పీల్చింది. పోగు ఒకటి గొంతుకు అడ్డం పడి, కళ్ళలో నీళ్ళు కారేదాకా దగ్గింది. తల్లి దగ్గు విని అర్ఫా ఏడుపు, ఏడ్చి ఏడ్చి ఆయాసం. పిల్లను భుజాన వేసుకుని, దుమ్ము లేని చోటు కోసం పెరట్లోకి పరిగెత్తింది. వేపచెట్టు కింద నిలబడి దాని ఊపిరి లెక్కపెట్టింది. ముప్పై, నలభై, నలభై ఎనిమిది.

హుసేనమ్మ వెనకే వచ్చింది. కొంగుతో పిల్ల మూతి తుడుస్తూ మెల్లగా అంది. "నాకు తెలుసులేవే. మొదటి రోజే తెలుసు. మీ మామ పక్కన ముప్పై ఏళ్ళు దూది కూరాను, మన ఊపిరేదో ఎవరిదేదో తెలవదా? పోనీలే. నీ పేరన్నా అచ్చులో ఎక్కింది. రేషను కార్డులో నా చోట ఇప్పటికీ మా ఆయన చెల్లెలి పేరే."

జానీబీ అత్త ముఖంలోకి చూసింది. అంటే అందరికీ తెలుసు. పిల్లతో సహా. తెలియనట్టు పాడాల్సింది తనొక్కతే.

గురువారం మధ్యాహ్నం బాషా స్టేజీ పని చూడ్డానికి దర్గాకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ అలమార పైన ఒక క్యాసెట్టు పెట్టాడు. "మైకు సెట్టు హుస్సేన్ సాహెబ్ వచ్చి అడుగుతాడు, ఇది ఇవ్వు. రేపు పొద్దున్నే మొదటి వైపు వేస్తాడు." అత్తను కూడా వెంటబెట్టుకుని పోయాడు, వంటలకు మనుషులు చాలడం లేదని.

జానీబీ తలుపు దగ్గరకు వేసింది. వసారాలో దూదినంతా బస్తాలో కుక్కి మూతి కట్టింది. నేల తడిగుడ్డతో తుడిచింది. పిల్లను శుభ్రమైన బొంత మీద కూర్చోబెట్టింది. అలమార మీది క్యాసెట్టు తీసింది. కొన్న క్యాసెట్ల వెనక అంచున పలక విరిగి రెండు గుంటలుంటాయి. అలా ఉంటే కొత్తగా ఏదీ రికార్డు కాదు. గుంటలో కాగితం కుక్కితే అవుతుంది. పాత క్యాసెట్ల మీద బాషా వందసార్లు చేసిన పనే. ఆమె మొదటి వైపు గుంటలో మాత్రమే కాగితం ఉండ కుక్కింది.

విల్లు గోడకు ఆనించి ఉంది. ఆడది విల్లు ముట్టకూడదంటారు. మగవాళ్ళు ఏకుతారు, ఆడవాళ్ళు కూరతారు, కుడతారు. పీరు తాత పెదాలు మూయడం నేర్పాడుగానీ విల్లు మాత్రం చేతికివ్వలేదు. మనవరాలి మొగుడికిచ్చాడు. జానీబీ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. అనుకున్న దానికంటే బరువుగా ఉంది. నరం మీద కొయ్యతో కొట్టింది. దెబ్బ పక్కకు పడి పిల్లికూతలా వచ్చింది. అర్ఫా నవ్వింది. మళ్ళీ కొట్టింది. ఆరోసారికి టంగ్ మంది. ఎముకల్లోకి దిగింది ఆ మోత.

రెండు బటన్లు కలిపి నొక్కింది. పాడింది. ముక్క పాడింది, పెదాలు మూసింది, ముక్కుతో పీల్చింది. టంగ్... టంగ్... మళ్ళీ పాడింది. ఎక్కడా సాగదీయలేదు. మధ్యలో అర్ఫా ఏదో అంది, ఆగలేదు. అవతల వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది, అప్పుడూ ఆగలేదు.

పాట అయ్యాక వెనక్కి తిప్పి బటన్ నొక్కింది.

బండగానే ఉంది. జయరావు అబద్ధం చెప్పలేదు. కొత్త పరుపు గుడ్డలా, ఇంకా నీళ్ళు చూడని గంజి గుడ్డలా గరగరలాడుతోంది. ఎవరీ మనిషి అనిపించింది ఒక్క క్షణం. ఇరవై మూడేళ్ళు నా లోపలే ఉండి నాకెన్నడూ కనపడని మనిషి. అప్పుడు బొంత మీద కదలిక. అర్ఫా చేతిలో చెంచా పారేసింది. మెడ తిప్పి పెట్టె వైపు చూసింది. తల్లి వైపు చూసింది. ఇటా, అటా? మళ్ళీ పెట్టె వైపు. రెండు చేతులూ నేలకు ఆనించి, పాట వస్తున్న వైపుకు పాకడం మొదలుపెట్టింది.

జానీబీ ఏడవలేదు. పిల్లను ఎత్తుకుని వీపుకు చెవి ఆనించింది. ముప్పై రెండు. బాగుంది. మిగతా మూడు పాటలు కూడా పాడింది. మొదటి వైపు నిండింది.

రెండో వైపు ముట్టుకోలేదు. అక్కడ ఆమె ఉంది. అవతలి మనిషిని మొత్తం చెరిపి తను ఎక్కితే జయరావుకీ తనకీ తేడా ఏముంది? పెన్ను వెతికి, అట్ట లోపలి తెల్లటి వైపు, ఎనిమిదో తరగతి గుండ్రటి అక్షరాలతో రాసింది. "మొదటి వైపు పాడింది, విల్లు కొట్టింది జానీబీ. రెండో వైపు పాడినామె పేరు మాకు చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఇక్కడ రాయండి." కింద ఒక గీత గీసి ఖాళీ వదిలింది.

పొద్దు వాలే వేళకు హుస్సేన్ సాహెబ్ సైకిల్ గంట కొట్టాడు. క్యాసెట్టు ఇచ్చింది.

"మొదటి వైపే గదమ్మా వెయ్యమంది?"

"మొదటి వైపే మామా. సౌండు బాగా పెట్టు."

దీపాలు పెట్టాక బాషా, వెనకే హుసేనమ్మ వచ్చారు. బాషా కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "ప్రాక్టీస్ ఎక్కడిదాకా వచ్చింది? రేపు స్టేజీ మీద పరువు తియ్యవు గదా? అచ్చం క్యాసెట్టులో ఉన్నట్టు పాడగలవా?"

హుసేనమ్మ చూపు గోడ మీదికి పోయింది. పొద్దున ఎడమవైపు ఆనించి ఉన్న విల్లు ఇప్పుడు కుడివైపు ఉంది. ఆమె వెళ్ళి పిల్లను ఎత్తుకుంది.

జానీబీ పెదాలు మూసి, ముక్కుతో నిండా గాలి పీల్చుకుంది.

"పాడతానయ్యా," అంది. "అచ్చం క్యాసెట్టులో ఉన్నట్టే."